గాజు కప్పులో నల్ల నలుసులు

పుట 118, సోమవారం

ఈ రోజు నుంచి పుస్తకం నేను రాస్తున్నాను. అత్తయ్య కళ్ళకు పొర కమ్మింది. నిన్న ఆవిడ రాసిన వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. చివరికి కలం నా చేతికి ఇచ్చారు.

"ఐదు చదివావుగా, చాలు. ఎవరు ఏ బండిని మెచ్చుకున్నారు, దానికి ఏం వంక పెట్టారు. ఈ రెండూ రాస్తే సరి," అన్నారు.

నిజానికి నేను ఐదు పూర్తి చెయ్యలేదు. మా ఊరి బడి బస్సుకు డ్రైవరు ఉండేవాడు కాదు. మనుషులు ఆకాశంలోకి పంపిన చుక్కలు దారి చెబుతుంటే అది తనంత తానే వచ్చి వాకిట్లో ఆగేది. పదకొండేళ్ళ కిందట చుక్కలు మూగబోయిన పొద్దున అది మా వీధి మలుపులో ఆగింది. ఇంకా అక్కడే ఉంది. అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. ఆ సంగతి అత్తయ్యకు చెప్పలేదు.

సాయంత్రం ఐదున్నరకు రేడియోలో ముచ్చట మొదలైంది. చేత్తో తోలే పాత కార్లనూ విమానాలనూ సరదాకి తుడుచుకుంటూ దాచుకున్నవాళ్ళను అప్పట్లో పిచ్చివాళ్ళనేవారట. ఇప్పుడు మందులూ విత్తనాలూ ఉత్తరాలూ మోసేది వాళ్ళే. రోజంతా ఎంత తిరిగినా, సాయంత్రం అయ్యేసరికి ఒక గంట బండి కబుర్లు చెప్పుకోకపోతే వాళ్ళకు అన్నం సహించదు.

ముందు ఎర్రకొండ నుంచి జమీలు భాయి వచ్చారు. ఆయన కారు పేరు బుల్లెమ్మ.

"ఘాటు రోడ్డు మీద మూడో గేరు మార్చకుండా ఎక్కింది అక్కా. మూలుగు లేదు, దగ్గు లేదు. వంకేంటంటే, ఎడం తలుపు గట్టిగా లాగితే రాదు. బతిమాలాలి."

"నీ పెళ్ళాన్నెప్పుడైనా అంత బతిమాలావా?" అన్నారు అత్తయ్య.

తరవాత దీపస్తంభం దగ్గర ఉండే ప్రభుదాసు మాస్టారు. ఆయనకు ఏ బండీ లేదు. బొమ్మల్లో చూసి, తనూ బొమ్మ గీసుకున్న విమానాలనే మెచ్చుకుంటారు, వాటికే వంకలు పెడతారు. ఎవరూ నవ్వరు. ఇంజను గొంతు విని జబ్బు చెప్పడంలో ఆయనను మించినవాళ్ళు లేరు.

చివరికి మా ఆయన. మా ఇంటి విమానం తూనీగ. రెక్కలకు గుడ్డ, ముందొక ఇంజను, ఇద్దరికి చోటు.

"ఎదురుగాలిలో కూడా ముక్కు తిప్పలేదు. వంక, సీటు గట్టిగా ఉంటది."

అందరూ నవ్వారు. నేను రాశాను.

ముచ్చట అయ్యాక ఆయన ఇంజను కింద ఉండే గాజు కప్పు విప్పి తెచ్చారు. పెట్రోలుకు బదులు పోసే చెరకు సారా రెక్కలోని టాంకు నుంచి రబ్బరు గొట్టంలో దిగి, ఈ కప్పులో కాసేపు నిలిచి, అప్పుడు ఇంజనులోకి వెళుతుంది. నలక ఏదైనా ఉంటే కప్పు అడుగున చేరుతుంది. రోజూ దాన్ని నా వడకట్టు గుడ్డలో వంచి, సారాను మళ్ళీ డబ్బాలో పోసి, గుడ్డ ఉతకడం నా పని. ఈ రోజు గుడ్డ మీద రెండు నల్ల నలుసులు కనబడ్డాయి. మసి అనుకున్నాను. అయినా పుట అంచున పెన్సిలుతో 2 అని వేశాను.

పుట 121, గురువారం

నలుసులు 5. మసి అయితే వేలికి అంటుకుని చెదిరిపోవాలి. ఇది గోటితో నొక్కితే సాగింది. రబ్బరు.

ఆయన చేతులు కడుక్కుంటుంటే గుడ్డ చూపించాను. చాలాసేపు చూశారు.

"గొట్టం పాతబడింది. సారాకి లోపల నానుతున్నట్టుంది," అన్నారు.

"మార్చేద్దామండీ."

"దేంతో మారుస్తావే? సారాకి నానని రబ్బరు చుట్టుపక్కల ఎక్కడుంది? పుస్తకంలోకి మాత్రం ఎక్కించకు. అమ్మకి తెలిస్తే తూనీగని నేల మీద పెట్టించేద్ది. ఇద్దరు విని బాగుందనేదాకా చక్రం కదలకూడదు. అప్పుడు లంకలకి ఎవరెళ్తారు, నువ్వెళ్తావా?"

ఎదురు చెప్పడం నాకు చేత కాదు. మాట నోటిదాకా వస్తుంది, అక్కడే ఆగిపోతుంది.

మెచ్చుకున్నవాడే వంక కూడా చెప్పాలన్న నియమం అత్తయ్య పెట్టిందే. మావయ్య విమానం పేరు రాజహంస. మూడేళ్ళు అందరూ దాన్ని పొగిడారు. ఒక్కరూ వంక పెట్టలేదు. పెడితే మావయ్య మనసు నొచ్చుకుంటుందని. ఒక మధ్యాహ్నం అది నీళ్ళ మీదికి వెళ్ళింది, తిరిగి రాలేదు. ఆ వారంలోనే అత్తయ్య ఈ పుస్తకాల్లో మొదటిది కుట్టారు. సారా కాచడం, సంచులు మోయడం ఎవరైనా తప్పించుకోవచ్చు గానీ, సాయంత్రం వంక చెప్పడం తప్పించుకోకూడదు.

ఈ రోజు ఆయన చెప్పిన వంక: తోక దగ్గర రంగు వెలిసింది.

పుట 124, ఆదివారం

ముచ్చటంతా గొట్టాల మీదే నడిచింది. మొదలుపెట్టింది జమీలు భాయి.

"బుల్లెమ్మలో టాంకు నుంచి ఇంజను దాకా ఒకటే రాగి గొట్టం. పుట్టినప్పటిది. రోజూ చింతపండుతో తోముతాను. అద్దంలా ఉంటది. అందులో నా మీసం చూసుకోవచ్చు."

"రాగి మంచిదే గానీ వణుకుడు ఉన్నచోట బిగించి వేస్తే పగులుతుంది నాయనా," అన్నారు మాస్టారు. "మధ్యలో చేతి గాజులాగా ఒక చుట్టు తిప్పాలి. అప్పుడు వణుకంతా ఆ చుట్టు తాగేస్తుంది."

"బుల్లెమ్మ వణకదు మాస్టారూ. కులుకుద్ది."

రబ్బరు అన్న మాట ఎవరైనా ఎత్తుతారేమోనని రేడియో తీగలు సరి చేసుకుంటున్నట్టు మా ఆయన తల వంచుకున్నారు. ఆయన వంతు వచ్చాక, తలుపు గడియ బిగుతుగా ఉందన్నారు. రాశాను.

నలుసులు 11.

పుట 127, బుధవారం

పొద్దున ఆయన ఎర్రకొండకు విత్తనాలు తీసుకెళ్ళారు. నేను పెరట్లో గుడ్డ ఆరేస్తూ వింటున్నాను. తూనీగ లేచింది, మెట్ట దాటింది, ఇంకా పైకి ఎక్కుతోంది. ఉన్నట్టుండి చప్పుడు తెగింది. ఒకటి, రెండు. మళ్ళీ అందుకుంది. నా చేతిలో క్లిప్పు రెండు ముక్కలైంది.

వరండాలోంచి అత్తయ్య, "ఏంటే అది, గుటక మింగినట్టుంది?" అని అడిగారు.

నేను తడి గుడ్డను మళ్ళీ పిండడం మొదలుపెట్టాను. పది గంటలకు ఆయన తిరిగొచ్చాక ఆవిడ మళ్ళీ అడిగారు.

"గాలమ్మా. మెట్ట దగ్గర సుడి తిరిగింది."

మంచినీళ్ళ గ్లాసు అందించాను. ఆయన కళ్ళెత్తి నన్ను చూశారు. నాకు తెలుసని ఆయనకు తెలిసింది.

సాయంత్రం వంక: అద్దం మీద గీత. రాస్తుంటే కలం జారింది. అత్తయ్యకు కనబడదు కనక సరిపోయింది.

నలుసులు 14.

పుట 129, శుక్రవారం

ముచ్చట మధ్యలో పుల్లేటిలంక నుంచి డాక్టరు ఫిలోమినా గారి గొంతు వచ్చింది. ఆవిడ ఎప్పుడూ బళ్ళ కబుర్లలోకి రారు. లంకలో ముగ్గురు పిల్లలకు గొంతు మూసుకుపోయే జబ్బు. మందు మా మంచుపెట్టెలో ఉంది. పడవ మీద వెళితే రెండు రోజులు. అంతసేపు పిల్లలు ఆగరు, మంచూ ఆగదు.

"పొద్దున్నే బయల్దేరతాను డాక్టరుగారూ," అన్నారు మా ఆయన.

లంక వరకు నలభై నిమిషాలు. అంతా నీళ్ళ మీదే.

అత్తయ్య అందరినీ అడిగినట్టే ఆయననూ అడిగారు. "తూనీగ సంగతి చెప్పు."

"ఈ చుట్టుపక్కల దీన్ని నమ్మినట్టు ఇంక దేన్నీ నమ్మను. వంక, ఎడం చక్రం కీచుమంటది."

రాశాను. నా చేత్తోనే రాశాను.

తరవాత గాజు కప్పు దీపం ముందు పెట్టి చూశాను. నలుసులు 19. ఒకటి గోరంత ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఒక్కసారి వెళ్ళొచ్చేస్తే చాలు. వచ్చాక నేనే అమ్మకి చెప్తాను," అన్నారు.

"ఆగిపోతేనో?"

"ముగ్గురు పిల్లలే. నన్ను ఏం చెయ్యమంటావ్?"

నేను కప్పు కడిగి ఆయన చేతికి ఇచ్చాను.

పుట 130, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అత్తయ్య అలాగే రాయమన్నారు.

ఏడున్నరకు మంచుపెట్టె తూనీగలోకి ఎక్కింది. ఆయన ఇంజను వేసి, దారి చివర నిలబెట్టారు. రేడియో గదిలో అత్తయ్యా నేనూ. ఎర్రకొండ, దీపస్తంభం, పుల్లేటిలంక వింటున్నాయి. నేల మీది ప్రయాణాలకు అక్కర్లేదు గానీ, నీళ్ళు దాటే ముందు నిన్నటి వంకను పుస్తకంలోంచి పైకి చదవాలి. తోలేవాడు "సరి" అన్నాకే చక్రాలు కదలాలి. రాసిన చెయ్యే చదవాలి. నేను కలం పట్టాక నీళ్ళు దాటే ప్రయాణం ఇదే మొదటిది.

"చదువు అమ్మాయ్," అంటూ అత్తయ్య మైకు నా ముందుకు జరిపారు.

అంతవరకు నా గొంతు ఆ రేడియోలో ఒక్కసారి కూడా పలకలేదు. మీట నొక్కాను. పుటలో ఎడం చక్రం కీచుమంటుందని ఉంది. కళ్ళకు అంచున ఉన్న పెన్సిలు అంకెలే కనబడ్డాయి. పుటలు వెనక్కి తిప్పాను.

"రెండు," అన్నాను. గొంతు నాది కాదనిపించింది. "సోమవారం రెండు. గురువారం ఐదు. ఆదివారం పదకొండు. బుధవారం పద్నాలుగు. నిన్న పంతొమ్మిది. గాజు కప్పులో రబ్బరు నలుసులు. బుధవారం పైకి ఎక్కుతుంటే సూరిబాబు గారి ఇంజను ఆగి మళ్ళీ అందుకుంది. చక్రం వంక నిజం కాదు."

ఆయన పేరు నా నోట రావడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. అది కూడా నాలుగు ఊళ్ళు వింటుండగా.

"తాయారూ!" అని వినబడింది రేడియోలో. అంతే.

అత్తయ్య నా చేతి మీద చెయ్యేసి తనే మీట నొక్కారు. "ఇంజను ఆపు."

"అమ్మా, పిల్లలు..."

"ఆపమన్నాను."

కిటికీలోంచి చూస్తుండగానే ముందున్న పంకా చక్రం రెక్కలు ఒక్కొక్కటిగా విడిగా కనబడటం మొదలై, నిలిచిపోయాయి.

అత్తయ్య పుస్తకం తీసుకుని, కనబడని పుటల మీద వేళ్ళతో తడిమారు. "పన్నెండు రోజులు," అన్నారు. నన్ను తిడతారనుకున్నాను. "నేనడిగితే మీ మావయ్యకీ ఎప్పుడూ సీటే గట్టిగా ఉండేది," అన్నారు.

డాక్టరుగారు రేడియోలో, "చిన్నపిల్ల ఊపిరి కష్టం మీద తీస్తోంది. ఏదో ఒకటి త్వరగా తేల్చండి," అన్నారు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆపింది నేను. ఆ పిల్లకు ఏమైనా అయితే అదీ నాదే.

అప్పుడు 124వ పుట గుర్తొచ్చింది. ఈసారి నన్నెవరూ అడగకుండానే మీట నొక్కాను.

"జమీలు అన్నయ్యా. బుల్లెమ్మలో రాగి గొట్టం ఉందన్నారు. టాంకు నుంచి ఇంజను దాకా ఒకటే అన్నారు."



"చెల్లెమ్మా, అది తీస్తే బుల్లెమ్మ మళ్ళీ కదలదు. అలాంటి గొట్టం ఇంకోటి లేదు."

"తెలుసన్నయ్యా."

గరగర. తరవాత, "తొమ్మిదిన్నరకి అక్కడుంటాను. కావలసింది తీసుకోండి. ఎడం తలుపు మాత్రం ఎవరూ లాగకండి," అన్నారు.

తొమ్మిదీ ఇరవైకే వచ్చారు. ఎర్ర దుమ్ము కింద బుల్లెమ్మ మొహం కనబడలేదు. ఆయన దిగి, కొంగులా మెడలో వేసుకున్న తువ్వాలుతో ముందు దీపాలు తుడిచి, అప్పుడు బానెట్టు ఎత్తారు. గొట్టం విప్పుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. అంత వాగే మనిషి.

ఈలోగా మా ఆయన పాత గొట్టం విప్పి, కత్తితో నిలువునా చీల్చారు. బయట గీత కూడా లేదు. లోపల మాత్రం పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. ఎక్కువ సారా ఒక్కసారి లాగితే అది లేచి దారి మూస్తుంది. ఆయన దాన్ని పట్టుకుని నేల మీద చతికిలబడ్డారు. వేలితో ఆ నాలుకను పైకీ కిందికీ కదిపి చూస్తూ ఉండిపోయారు.

"లే అల్లుడూ," అన్నారు జమీలు భాయి. అత్తయ్యను అక్కా అంటారు కనక మా ఆయన ఆయనకు ఎప్పుడూ అల్లుడే, నేను కోడలిని. ఇవాళ నేను అన్నయ్యా అన్నాను, ఆయన చెల్లెమ్మా అన్నారు. వరసలన్నీ తారుమారయ్యాయి.

రాగి గొట్టాన్ని మాస్టారు చెప్పినట్టు గాజులా ఒక చుట్టు తిప్పాలి. చేత్తో వంచబోతే నొక్కుకుపోతుంది. రేడియోలోంచి మాస్టారు, "లోపల సన్న ఇసక దట్టించి, గుండ్రంగా ఉన్నదాని మీద మెల్లగా వంచండి," అన్నారు. ముగ్గులో కలిపే ఇసక జల్లించి తెచ్చాను. గుండ్రంగా ఉన్నదేది అంటే, వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చాను. మగవాళ్ళు తొందరలో గట్టిగా నొక్కేస్తున్నారు. చివరికి కర్ర మీద చుట్టు నేనే తిప్పాను. అప్పడం ఒత్తేటప్పుడు ఎంత బలం పెట్టాలో అంతే పెట్టాను. నొక్కు పడలేదు.

ఇసక దులిపి, సారాతో నాలుగుసార్లు కడిగి, బిగించారు. మైకును తీగతో సహా షెడ్డు గుమ్మం దాకా లాగి, తూనీగను తాళ్ళతో కట్టి ఇంజను పూర్తిగా తిప్పారు. పది నిమిషాలు. జమీలు భాయి కళ్ళు మూసుకుని విన్నారు. దీపస్తంభంలో మాస్టారు విన్నారు.

"బాగుంది," అన్నారు జమీలు భాయి.

మాస్టారు వెంటనే అనలేదు. "మళ్ళీ ఒకసారి తగ్గించి పెంచండి," అన్నారు. పెంచారు. "బాగుంది. వెళ్ళిరా నాయనా."

పన్నెండూ పది అయింది. మంచుపెట్టెలో అడుగున నాలుగు వేళ్ళ మంచు మిగిలింది.

ఆయన ఎక్కేటప్పుడు నా వైపు చూడలేదు. దారి చివరికి వెళ్ళాక రేడియోలో, "చదవండి," అన్నారు. నన్ను ఎప్పుడూ అండీ అనలేదు.

మీట నొక్కాను. "రాగి గొట్టం కొత్తగా వేశాం. నీళ్ళ మీద ఇంకా చూడలేదు."

"సరి."

లేచింది. మెట్ట దాటింది. ఇంకా ఎక్కింది. నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. బుధవారం తెగిన చోట తెగలేదు. తరవాత చప్పుడు సన్నగిల్లి, ఈగ ముసిరినట్టయి, పోయింది.

నీళ్ళ నడుమ ఇరవై నిమిషాలు ఏ రేడియో అందదు. ఆ ఇరవై నిమిషాల్లో శుభ్రంగా ఉన్న వడకట్టు గుడ్డను మూడుసార్లు ఉతికాను. అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఒకప్పుడు ఇదే కుర్చీలో కూర్చుని రాజహంస కోసం విన్నారని నాకు తెలుసు. ఇరవై నిమిషాలు దాటాయి. ముప్ఫై. జమీలు భాయి బయట బుల్లెమ్మ పక్కన నేల మీద కూర్చుని ఒక గులకరాయిని చేతిలో తిప్పుతూనే ఉన్నారు.

మాట అందకుండా పోయిన ముప్ఫై నాలుగో నిమిషాన గరగర.

"దిగాడు," అన్నారు డాక్టరుగారు. "పెట్టె నా చేతిలో ఉంది. నేను వెళుతున్నాను."

అత్తయ్య రేడియో మీద తల ఆనించారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకోవాలనుకున్నాను. సిగ్గేసింది. అయినా పట్టుకున్నాను.

పుట 131, శనివారం సాయంత్రం

ఆయన నాలుగున్నరకు తిరిగొచ్చారు. ముగ్గురిలో ఇద్దరు గుటక వేస్తున్నారట. చిన్నదాని సంగతి పొద్దున గానీ చెప్పలేనన్నారట డాక్టరుగారు. భోజనానికి కూర్చున్నారు. మజ్జిగ పోస్తే చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టారు, అంతే.

ముచ్చట మామూలు వేళకే మొదలైంది. జమీలు భాయి మా గదిలోంచే మాట్లాడారు.

"బుల్లెమ్మ. తన గొట్టం ఇచ్చి నీళ్ళు దాటించిన కారు ఈ భూమ్మీద ఇదొక్కటే. వంక, నడవదు. ఎర్రకొండకి నన్నెవరైనా దింపాలి."

తరవాత మా ఆయన వంతు. మీట నొక్కారు.

"తూనీగ. నేను ఎన్ని దాచినా పన్నెండు రోజులు నన్ను మోసింది. వంక, తోలేవాడు."

"అది బండి వంక కాదు. రాయకు అమ్మాయ్," అన్నారు అత్తయ్య.

"రాయనీ అమ్మా. రాసిన చెయ్యే చదవాలిగా. రేపు నాకు మళ్ళీ చదివి వినిపించాలి."

రాశాను. ఈసారి కలం జారలేదు.

ముచ్చట ముగించబోతూ అత్తయ్య నా వైపు తిరిగారు. "నీకు ఏ బండి ఇష్టమే? ఇంతమంది గోల రాస్తావు, నీది ఎప్పుడూ చెప్పవు."

ఆలోచించాను. మైకు దగ్గరికి జరిగాను.

"ఇంజను కింద గాజు కప్పు. లోపల ఏముందో ఎవరికైనా అలాగే చూపిస్తుంది. వంక, నోరు లేదు."

తరవాత మాస్టారు, "దానికీ ఒక బొమ్మ గీస్తానమ్మా," అన్నారు.

పుట 132, ఆదివారం

చిన్నది పొద్దున రెండు చెంచాల గంజి తాగిందట. డాక్టరుగారు ఆ ఒక్క మాటా చెప్పి వెళ్ళిపోయారు.

మెట్ట చుట్టూ ఒక్క తిప్పు తిరిగొచ్చాక ఆయన గాజు కప్పు విప్పి తెచ్చారు. రోజూ గట్టు మీద పెట్టి వెళ్ళేవారు. ఈ రోజు నేను గుడ్డ పరిచేదాకా నిలబడి, తనే వంచారు. ఇద్దరం గుడ్డను చెరో కొసా పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాం.

నలుసులు 0. ఈ అంకె అంచున వెయ్యలేదు, కలంతో పుట మధ్యలోనే వేశాను.